మొదటి కోత ఎరుపు

ఫ్లోరెన్స్ సంచి నేనే సర్దుతున్నాను. నాలుగు జతల బట్టలు, సబ్బు, కొబ్బరినూనె సీసా, చిన్న బైబిలు, వేయించిన పల్లీల పొట్లం. దువ్వెన మాత్రం ఎవరూ చూడకుండా దిండు కిందికి జరిపాను. ఊరికి పోయేవాళ్ళ సంచిలో ఒక వస్తువు తక్కువ పెట్టడం నాకు అలవాటు. దానికోసమైనా మనిషి వెనక్కి వస్తుందని నా వెర్రి. నా భర్త యోనా అడవిలో వెదురు నరికే కూపుకు పోయిన పొద్దున ఆ తెలివి లేక అన్నీ సర్ది ఇచ్చాను. ఆయన రాలేదు.

"పెద్దమ్మా, దువ్వెన దిండు కింద పెట్టినవు. నేను చూసిన" అంది ఫ్లోరెన్స్, అద్దంలోంచి నన్ను చూస్తూ.

"మరిచిపోయిన."

"మరిచిపోతే దాని మీద దిండు ఎట్లెక్కింది?"

ఫ్లోరెన్స్ నా చెల్లెలి కూతురు. ఏడో ఏట నుంచి నా దగ్గరే పెరిగింది. అప్పటికి దానికి ఇరవై ఏడేళ్ళు. పెళ్ళి మాట ఎత్తితే కెమెరా తీసి నా ముఖానికి గురిపెట్టేది. నేను మాట మింగి కొంగు సర్దుకునేదాన్ని. కారేపల్లిలో మా ఇంటి ముందు గదిలోనే స్టూడియో పెట్టింది. కాగితం మీద ఆరు రంగుల ఇంకు చిమ్మి ఫోటో అచ్చువేసే ప్రింటరు ఒకటి కొన్నది. హాల్ టికెట్లకు, రేషన్ కార్డులకు చిన్న ఫోటోలు కావలసినవాళ్ళు వచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళకు మాత్రం అందరూ ఖమ్మం వాళ్ళనే పిలిచేవాళ్ళు. పెళ్ళిళ్ళు లేకపోతే స్టూడియో నిలవదు. హైదరాబాదులో ఒక కలర్ ల్యాబువాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారు. ప్రింటరు అమ్మేసి పోతానంది. ఇది 2006 మార్చి ఆఖరి సంగతి.

రైలుకు ఇంకా గంట ఉందనగా వాకిట్లో మోపెడ్ ఆగింది. జంపక్క కొడుకు లచ్చిరాం దిగాడు. జంపక్క, నేను ఖమ్మం మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని కాయలు ఏరినవాళ్ళం. ఆమెది మా ఊరి పక్క లంబాడీ తండా. అందుకే లచ్చిరాం నన్ను చిన్నమ్మా అంటాడు.

"చిన్నమ్మా, మే నెల పన్నెండున మా చిన్న చెల్లె మోతీ లగ్గం. ఫ్లోరెన్స్‌తోని ఫోటోలు తీయిద్దామని వచ్చిన" అన్నాడు. తర్వాత సంచి చూశాడు. "ఏందిది, ఊరికి పోతున్నవా చెల్లె?"

"పోతున్న అన్నా. ఖమ్మం వాళ్ళను పిలుచుకో."

"వాళ్ళను పిలిస్తే మా అమ్మ పందిట్ల కూసోదట. మూడేండ్ల కింద మా తమ్ముని లగ్గం ఫోటోలల్ల మావోళ్ళ బట్టలన్ని ఇటుక రంగు వచ్చినయి. రెండేండ్లు కుట్టిన బట్టలు. ఆడోళ్ళందరు ఆల్బం చూసి పక్కకు పెట్టిండ్రు. ఇప్పుడు మోతీకి మా అమ్మ మళ్ళ రెండేండ్లు కూసోని కుట్టింది."

"ఎరుపు రావుడు కష్టమే అన్నా. ఎవ్వరి మిషన్ల అయినా."

"ముందుగాల మా అమ్మ ఫోటో ఒక్కటి తియ్యి. కాయితం మీద చూపెట్టు. ఎరుపు ఎరుపు లెక్కనే ఉన్నదని మా అమ్మ అంటే లగ్గం నీదే. ఈ ఎండాకాలం మా దిక్కు ఇంకా నాలుగు లగ్గాలున్నయి, అవి గూడ నీవే. ఏప్రిల్ ఆఖరు దాక చూస్త. గంతే."

ఫ్లోరెన్స్ ప్రింటరు వైపు చూసింది. నేను నేల చూపులు చూస్తున్నాను. నా ముఖం చూస్తే అది నాకోసం ఆగుతుందని నా భయం. ఆగకపోతే ఎట్లా అని ఇంకో భయం.

ల్యాబుకు ఫోను చేసి జూన్ ఒకటో తారీఖుకు గడువు అడిగింది. సంచి మంచం కిందికి తోసింది, సర్దింది సర్దినట్టే. "ఎరుపు రాకపోతే పోవుడే పెద్దమ్మా. ఏడవొద్దు మరి" అంది.

"నేనెందుకేడుస్త" అన్నాను.

జంపక్క మరునాడే వచ్చింది. తండాలో ఇప్పుడు పిల్లలందరూ చీరలు, డ్రెస్సులే వేసుకుంటున్నారు. ఆమె మాత్రం ఎర్ర లంగా, అద్దాల రవిక, చేతుల నిండా తెల్ల గాజులు వదలలేదు. మోతీ పెళ్ళికని తనకూ ఒక కొత్త లంగా కుట్టుకుంది. అది కట్టుకుని గడపలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏందే ఇన్నమ్మా, ఫోటో దిగేది నేను, చెమటలు నీకు పట్టినయి."

"నీ అందం చూసి."

"అవ్, నాకు తెలుసు. గందుకే పండ్లు కనపడకుండ కూసున్న."

ఫ్లోరెన్స్ తీసింది. కంప్యూటర్లో చూస్తే ఎరుపు నిండుగా ఉంది. కాగితం మీదికి వచ్చేసరికి, పండి చెట్టు మీదే మాడిన కాయ రంగు వచ్చింది. జంపక్క ఆ కాగితాన్ని ట్యూబులైటు కింద చూడలేదు. గడప దాటి ఎండలోకి పోయి చూసింది. యార్డులో మేం ఎప్పుడూ అంతే. షెడ్డు కింద కాయ రంగు చూసి కొన్నవాడు మునుగుతాడని సామెత.

"ఇది నా లంగా కాదు బిడ్డా" అంది. "కల్లంల రెండు వానలు తడిసిన కాయ ఇది. ఇన్నమ్మా, నువ్వయితే దీన్ని ఏ కుప్పల ఏస్తవు?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను. "తాలు కుప్పల" అన్నాను. తాలు అంటే రంగుపోయి ఎవరూ కొనని కాయ.

ఫ్లోరెన్స్ నవ్వలేదు. జంపక్క పోయాక నాకు కూర్చోబెట్టి చెప్పింది. కాగితాలన్నీ ఒక తీరుగా ఇంకు తాగవట. ఒకటి గుటగుటా తాగుతుంది, ఇంకొకటి పైపైనే ఉంచుకుంటుంది. ఏ కాగితం ఎట్లా తాగుతుందో మిషన్‌కు ముందే చెప్పే లెక్క ఒకటి ఉంటుందట. దాన్ని ప్రొఫైల్ అంటారట. కాగితం ఒకటి పెట్టి ఇంకో కాగితం ప్రొఫైల్ ఇస్తే రంగు చెడుతుంది.

"తాగుబోతు కాయితానికి తక్కువ పొయ్యాలె. అంతేనా?" అన్నాను.

"అంతే పెద్దమ్మా. ఇంజినీరింగు కాలేజీల చెప్పాల్సినదానివి."

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారానికి ముందరి శుక్రవారం ఖమ్మం పోయాం. ఫ్లోరెన్స్ వద్దన్నా నేను వెంట పోయాను, బస్సుల మీద నాకు నమ్మకం లేదు. కంప్యూటరు సామాన్లు అమ్మే జయప్రకాశ్ కొట్టులో ఫోటో కాగితాలే ఏడెనిమిది రకాలున్నాయి. ఆయన నాలుగు తీసి బల్ల మీద పరిచాడు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. ఒకటి మెరుపు లేకుండా సుద్ద గోడలా ఉంది. ఒకటి మరీ పల్చన. నాలుగోది మెరిసేదానికీ మెరవనిదానికీ మధ్యరకం, చిన్న చినుకులు పడి ఆరిన దుమ్ములాగా పైన సన్నటి గరుకు ఉంది.

నేను చూపుడు వేలు నాలుకకు తాకించి ఒక్కో కాగితం మూల మీద పెట్టి తీశాను.

"అమ్మా, అవి అప్పడాలు కావు" అన్నాడు జయప్రకాశ్.

"తెలుసు నాయనా. ఏ పక్క తడి పట్టుకుంటదో చూస్తున్న."

ఆయన ఫ్లోరెన్స్ వైపు తిరిగాడు. "ఇంకు తాగే పక్క గట్లనే చూడాలె. నా దగ్గరికొచ్చే పిల్లలు సగంమంది తిరగేసి పెట్టి, మిషన్ ఖరాబయిందని నామీదికొస్తరు. మీ అమ్మకు ఎవరు నేర్పిండ్రు?"

"ముప్ఫై ఏండ్లు కాయలు పట్టుకుని చూసిన వేలది" అంది ఫ్లోరెన్స్. అది నన్ను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. అందుకే ఆ మాట బస్సు దిగేదాకా పట్టుకుని కూర్చున్నాను.

మెరిసేది, మెరవనిది, మధ్యరకం మూడూ కొన్నాం. వాటి ప్రొఫైళ్ళను జయప్రకాశే ఒక సీడీ మీద ఎక్కించి ఇచ్చాడు. "ఇంకో ముచ్చట చెల్లె. రంగు దిద్దే పని కంప్యూటర్‌కు ఇస్తే మిషన్‌ను ఊకుండమను. ఇద్దరు దిద్దిండ్రనుకో, ఇద్దరత్తల కోడలయితది ఎరుపు."

"ఈ కంపెనీ ప్రొఫైల్ మా ఇంకుకు సరిపోతదా అన్నా?"

"దగ్గరికొస్తది. మిగిలింది నీ కంటితోని దిద్దుకోవాలె. ఒకతీరుగ పది ప్రింట్లు వచ్చిననాడు దిద్దుడు అయిపోయినట్టు."

ఆ ఏప్రిల్ ఎండలు మామూలు ఎండలు కావు. మధ్యాహ్నం రేకుల కప్పు పేలుతుందా అన్నట్టు ఉండేది. నడి పగలు కరెంటు ఉండదు. ఫ్లోరెన్స్ పొద్దున్నే ఏడింటికి కొన్ని, సాయంత్రం నాలుగింటికి కొన్ని ఫోటోలు వేసేది. మిట్ట మధ్యాహ్నం చర్చి అరుగు మీద పడుకోవడానికి పోయేది.

ఒకనాడు నేను గది ఊడుస్తుంటే బల్ల మీద కాగితాల కట్టలు అంచులు లేచి వంకరగా కనిపించాయి. ఎండకు పెళుసెక్కిన మిరపకాయ చేతిలోనే విరిగిపోతుంది. యార్డులో బస్తా విప్పే ముందు తడి గోనె కప్పి మెత్తబరిచేవాళ్ళం. కాగితాలు వచ్చిన అట్ట మీద ఏమైనా రాసి ఉందేమోనని చూశాను. నేను బడికి పోలేదు. బస్తాల మీద రాసిన పేర్లు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అట్ట మీద అంతా ఇంగ్లీషే. కానీ మూలకు ఒక గొడుగు బొమ్మ ఉంది. ఏప్రిల్‌లో గొడుగు పట్టేది ఎందుకో మా ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. ఎండ తగలనీయవద్దని రాశారు పాపం అనుకున్నాను.

ఒక గోనెసంచి తడిపి, పిండి, మూడు కట్టల మీదా కప్పాను. మూడింటికి తీసి దాచాను. రోజూ అదే పని. ఫ్లోరెన్స్‌కు చెప్పలేదు. దాని పని మీద చెయ్యి వేస్తే దానికి కోపం. పైగా, నేను చెప్పకుండా చేసిన మేలు ఏదైనా ఒకటి ఆ ఇంట్లో ఉంటే, ఆ పిల్ల పోకుండా అది పట్టుకుంటుందని నా లోపల ఎక్కడో ఉంది.

అప్పటినుంచి ఫ్లోరెన్స్‌కు పిచ్చి పట్టినట్టయింది. సాయంత్రం గంటసేపు కూర్చుని ఎరుపు దిద్దేది. ఇంచుమించు వచ్చిందనుకుని పడుకునేది. పొద్దున అదే ఫోటో, అదే కాగితం, అదే ప్రొఫైల్ పెట్టి తీస్తే వేరే ఎరుపు. పొద్దున దిద్దితే సాయంత్రం ముదిరి, అంచులు ఊరి, గోధుమలోకి పోయేది. ముందు మెరిసే కాగితాన్ని తిట్టింది. తర్వాత మెరవని కాగితాన్ని తిట్టింది. ఇంకు సీసాలను, కరెంటోళ్ళను, జయప్రకాశ్‌ను తిట్టింది. గోడ మీద జంపక్కలు ఇరవై ముగ్గురయ్యారు. ఒక జంపక్క జ్వరం పడ్డట్టుంది, ఒక జంపక్క సారా తాగినట్టుంది.

ఈస్టరు వెళ్ళిన బుధవారం జంపక్క రెండోసారి వచ్చింది. మెరిసే కాగితం చేతిలో పెట్టగానే అటు వంచింది, ఇటు వంచింది. "నీ తలుపే కనపడుతున్నది ఇండ్ల. నన్ను చూడాలంటే నన్ను ఒంచాల్నా?" అంది. మెరవని కాగితం మీద అద్దాలు బొత్తిగా చచ్చిపోయి బూడిద చుక్కల్లా ఉన్నాయి. మధ్యరకం మీద అద్దాలు బాగానే ఉన్నాయి, ఎరుపు మాత్రం అంచు దాటి ముఖం మీదికి ఊరింది.

"అవ్వా, నిన్న పొద్దున మంచిగనే వచ్చింది. ఒట్టు" అంది ఫ్లోరెన్స్.

"నిన్న పొద్దున ఫోటో తోని నేనేం చేసుకోను పిల్లా." జంపక్క గోడ మీది ఇరవై మూడు ముఖాలనూ వరసగా చూసింది. "ఇన్నమ్మా, గిందరు సవతులను నా మొగుడు గూడ తేలే."

నేను నవ్వాను. ఫ్లోరెన్స్ నవ్వలేదు. జంపక్క పోయాక అది ల్యాబుకు ఫోను చేసి, జూన్ దాకా అక్కర్లేదు, మే ఒకటో తారీఖుకే వస్తానంది. ఫోను పెట్టి, మంచం కింద సంచి ఉందో లేదో వంగి చూసుకుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం అది చర్చికి పోలేదు. బల్ల మీద తల పెట్టుకుని పడుకుంది. గోనె కప్పే వేళ అవుతోంది. కాగితాల అంచులు లేస్తున్నాయి. నేను బకెట్టులో గోనె తడిపి, పిండి, పిల్లి నడక నడుస్తూ బల్ల దగ్గరికి వచ్చాను. కప్పబోతుంటే ఫ్లోరెన్స్ కళ్ళు తెరిచింది.

గోనెలోంచి నీటిచుక్క ఒకటి బల్ల మీద పడింది.

"ఇదేంది పెద్దమ్మా?"

"ఎండకు పెళుసెక్కుతున్నయని."

"రోజు కప్పుతున్నవా?"

"రోజూ మధ్యాన్నం. నాలుగింటికి నువ్వు వేసేటాళ్ళకు మెత్తగ ఉంటయని." అట్ట తీసి చూపించాను. "అట్ట మీద గొడుగేసి ఉన్నది బిడ్డా. ఎండకు పెట్టొద్దని."

అది అట్ట చేతిలోకి తీసుకుని గొడుగు బొమ్మ వైపు చూసింది. చాలాసేపు చూసింది. దాని భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. ప్రభువా, ఇది నా చేతిమీదుగానే పోతోంది అనుకున్నాను. దగ్గరికి పోతే తెలిసింది, అది నవ్వుతోంది. బల్ల మీద తల ఆనించి, కడుపు పట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"తడవనీయొద్దని పెద్దమ్మా. వానల గొడుగు అది. ఈ అట్ట తయారుచేసినోని ఊళ్ళె వాన పడుతది."

"మా ఊళ్ళె పడదు గదా" అన్నాను.

అప్పుడు నేనూ నవ్వాను. తడి గోనె నా చేతిలోనే ఉంది. చీర అంతా తడిసింది.

ఆ సాయంత్రమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సాయంత్రాలు ఎరుపు ఊరింది ఆ తడికేనని, తడి తగిలిన కట్టలన్నీ తీసేసి, ముట్టకుండా డబ్బాలో మూతపెట్టి ఉంచిన ఇంకో మధ్యరకం కట్ట విప్పింది. అద్దాలు బతికేది ఆ కాగితం మీదే అని తేలిపోయింది గనక మిగతా రెండింటి మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక్క కాగితం మీద అంగుళం అంగుళం గళ్ళు, ముప్ఫై గళ్ళు, అన్నీ ఎరుపులే అచ్చువేసింది. నా కంటికి అన్నీ ఒకటిగానే కనబడతాయని అది అనుకుంది.

నేను లోపలికి పోయి పచ్చడి కోసం పెట్టుకున్న కాయల బుట్ట తెచ్చాను. కాగితం పట్టుకుని వాకిట్లోకి పోయాను. పొద్దు ఇంకా దిగలేదు.

"ఇది మొదటి కోత" అన్నాను ఒక గడి మీద కాయ పెట్టి. "ఇది రెండో కోత. ఇది మొదటి కోతదే గానీ కల్లంల ఒకరోజు ఎక్కువుంది. ఇది మంచు పడ్డది. ఇది పండకముందే తెంపింది. ఇవి మూడు తాలు. ఇది కాయ కాదు, ఇది గాజుల రంగు."

ఫ్లోరెన్స్ పెన్సిలు పట్టుకుని ఒక్కో గడి కింద నేను చెప్పిన పేరే తెలుగులో రాసింది. "ఈ రెంటికి తేడా నాకు కనపడుతలేదు పెద్దమ్మా" అంది ఒకచోట.

"కనపడకపోతే కూలి ఇయ్యరు మాకు."

మరునాడు పొద్దున జంపక్క లంగా అంచు గుడ్డ ఒకటి తండా నుంచి తెప్పించాం. గుడ్డ గడపలో పెట్టి పక్కన గళ్ళు పెట్టాను. గుడ్డ ఎరుపు మొదటి కోతకూ, కల్లంలో ఒకరోజు ఎక్కువున్నదానికీ మధ్యలో ఉంది. అది చెబితే ఫ్లోరెన్స్ ఆ రెంటి నడుమ మళ్ళీ ముప్ఫై గళ్ళు వేసింది. వాటిల్లో పదకొండోది నేను గుడ్డ మీద పెడితే, గుడ్డ ఎక్కడ ఆగిందో కాగితం ఎక్కడ మొదలైందో కాసేపు తెలియలేదు. ఆ లెక్కను కంప్యూటర్లో ప్రొఫైల్‌గా దాచి, దానికి ఒక పేరు పెట్టింది. మొదటి కోత అని.

పొద్దున వేసింది. సాయంత్రం వేసింది. మళ్ళీ పొద్దున వేసింది. జయప్రకాశ్ చెప్పినట్టు పది ప్రింట్లు వరసగా పరిచి, నన్ను గడపలో నిలబెట్టి, తేడా ఏదో చెప్పమంది. అటునుంచి ఇటు రెండుసార్లు నడిచాను.

"ఒకే చెట్టు కాయలు" అన్నాను.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన జంపక్క మూడోసారి వచ్చింది. లచ్చిరాం వెంట వచ్చాడు, ఖమ్మం వాళ్ళ ఫోను నంబరు జేబులో పెట్టుకుని. ఫ్లోరెన్స్ పెద్ద సైజు ఫోటో ఆమె చేతిలో పెట్టి వెనక్కి జరిగింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మంచం కింద సంచి ఉంది. ల్యాబు వాళ్ళ తారీఖు ఇంకా మూడు రోజులు.

జంపక్క ఎండలోకి పోయింది. తన లంగా కుచ్చెళ్ళు చేత్తో పట్టి ఫోటో పక్కన పెట్టింది. లంగా చూసింది, ఫోటో చూసింది. లచ్చిరాం వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఆమె చెయ్యెత్తి ఊరుకోమంది.

"ఇన్నమ్మా."

"ఏందక్కా."

"ఏ కుప్ప?"

"మొదటి కోత" అన్నాను.

"అవ్" అంది జంపక్క. ఫోటోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. "కింద కుట్టు ఒకటి తప్పు పోయింది చూడు. ఆనాడు కండ్లల్ల నీళ్ళు కారుతుండె, మోతీ సంబంధం ఖాయమైననాడు. అది గూడ పడ్డది."

లచ్చిరాం తొంగి చూశాడు. "ఎరుపు మంచిగున్నది చెల్లె. కాకపోతే అమ్మ ముఖం జర నల్లగ పడ్డది. మోతీ ఫోటోలల్ల కొంచెం తెల్లగ చెయ్యి, పిల్లగానోళ్ళు చూస్తరు."

"ముఖం తెలుపు చేస్తే ఎరుపు గూడ పాలిపోతది అన్నా. రెండు ఒక్కటే కాయితం మీదున్నయి."

లచ్చిరాం తల గోక్కున్నాడు. జంపక్క ఫోటో వంచకుండానే కొడుకు వైపు చూసింది. "నేను తెల్లగెప్పుడుంటిరా? మోతీ ఎప్పుడున్నది? వాళ్ళు పిల్లను చూసే చేసుకుంటున్నరు. ఎరుపు ముట్టుకోవద్దు."

ఆ రాత్రి ఫ్లోరెన్స్ ల్యాబుకు ఫోను చేసి రానని చెప్పింది. సంచి బయటికి లాగి బట్టలన్నీ మంచం మీద గుమ్మరించింది. పల్లీల పొట్లం విప్పి చూస్తే పల్లీలు మెత్తబడ్డాయి. అయినా ఇద్దరం కూర్చుని అన్నీ తినేశాం.

మోతీ పెళ్ళి నాలుగు రోజులు జరిగింది. ఫ్లోరెన్స్ నాలుగు రోజులూ తండాలోనే ఉంది. నేను మూడోనాడు పోతే, ఆడవాళ్ళు చుట్టూ చేతులు పట్టుకుని పాడుతూ తిరుగుతున్నారు. జంపక్క నన్ను వరసలోకి లాగింది. నాకు ఆ పాట రాదు. అడుగూ రాదు. "ఎర్రబస్సు ఎక్కినట్టు ఎక్కు, అదే తోలుతది" అంది. అదే తోలింది. నా మోకాళ్ళు వారం రోజులు తిట్టాయి.

వారం తర్వాత ఆల్బం తీసుకుపోయాం. తండాలో ఎవరూ ఇంట్లో కూర్చుని చూడలేదు. వాకిట్లో చాప వేసి, పెళ్ళిబట్టలు బయటికి తెచ్చి, ఆల్బంలో ఒక్కో పేజీ పక్కన ఒక్కో బట్ట పెట్టి సరిచూశారు. ఆడవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి చూస్తూ, ఎవరి కుట్టు సూటిగా ఉందో, ఎవరి అద్దం ఊడిందో దెప్పుకున్నారు. ఒకామె తన రవిక మీద నూనె మరక కనబడిందని ఫ్లోరెన్స్‌ను నిలదీసింది. "మరకను గూడ ఫోటో తీసినవేందే, మా ఆయన నిన్ను పంపిండా?" అంది. ఫ్లోరెన్స్ అంతగా నవ్వడం నేను మళ్ళీ చూశాను. మిగిలిన నాలుగు పెళ్ళిళ్ళూ అక్కడే ఖాయమైపోయాయి. ఐదోది తిరుమలాయపాలెం నుంచి అడగడానికి వచ్చారు.

మోతీ అత్తగారి ఊరు భద్రాచలం దాటి దుమ్ముగూడెం అవతల, అడవిలో. జూన్ మొదట్లో పిల్లను పంపుతున్నప్పుడు జంపక్క తనూ పోతానంది. లచ్చిరాం వద్దన్నాడు. ఎండలు తగ్గలేదు, బస్సులు మారాలి, ఫోటో పంపిస్తే వాళ్ళే చూసుకుంటారు గదా అన్నాడు.

"ఫోటో ఒక్కటే పోతే ఆ ఎరుపు నిజమో కాదో వాళ్ళకెట్ల తెలుస్తదిరా?" అంది జంపక్క. "లంగా గూడ పోవాలె. ఎండల రెండు పక్కపక్కన పెట్టి నేనే చూపెట్టాలె. పిల్ల అక్కడ జర అలవాటయినంక వచ్చేస్త."

కారేపల్లి బస్సు దగ్గరికి నేనూ ఫ్లోరెన్స్ పోయాం. ఫోటోకు పాలిథిన్ కవరు చుట్టి, పైన అట్ట పెట్టి కట్టి ఇచ్చింది ఫ్లోరెన్స్. "తడవనియ్యకు అవ్వా" అంది, నా వైపు చూస్తూ.

"తడి గోనె కప్పుత" అంది జంపక్క. కథ ఆమెకు కూడా తెలిసిపోయింది, తండా అంతటికీ తెలిసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కట్టను ఒళ్ళో నిలబెట్టుకుని, దారిలో ఎవరు అడిగినా విప్పి చూపించేలా కనిపించింది. బస్సు కదిలాక నాకు భయం వేయలేదు. ఆ రోజు నాకు పక్కన ఫ్లోరెన్స్ ఉంది, ఇంటికి పోయి ఆరు గంటలకు వేయవలసిన ప్రింట్లు ఉన్నాయి, అదే చాలుననిపించింది. దారి పొడుగునా ఏ కాగితం ఎన్ని కట్టలు తేవాలో మాట్లాడుకుంటూ నడిచాం.

ఫ్లోరెన్స్ ఇక్కడే ఉంది. జంపక్క 2006 ఆగస్టు మొదటి వారంలో, గోదావరి రోడ్ల మీదికి వచ్చి బస్సులు ఆగిపోయిన రోజుల్లో, మోతీ అత్తగారింట్లో ఐదు రోజుల జ్వరంతో పోయింది. కారేపల్లికి తిరిగి రాలేదు.